5 హెచ్‌పీ బోరు మోటారుకు ఎన్ని ఆంప్స్ ఫ్యూజు వేయాలి?

కదిరి రైతు:
మాది 600 అడుగుల బోరు, 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్. స్టార్టరు నుంచి మోటారు దాకా 2.5 చదరపు ఎంఎం రాగి కేబుల్, 200 మీటర్లు. ప్లేటు మీద 8.5 ఆంప్స్ అని ఉంది. మెకానిక్ 20 ఆంప్స్ హెచ్‌ఆర్‌సీ (పెద్ద షార్టు కరెంటును కూడా తెంచే) ఫ్యూజులు వేశాడు. పక్క పొలం మామేమో "63 వేసెయ్, మాటిమాటికీ మార్చే పీడ పోతుంది" అంటాడు. నాకైతే 8.5కి 20 వేయడమే ఎక్కువనిపిస్తోంది. ఎవరి మాట వినాలి?

వైండింగ్ షాపు:
మెకానిక్ మాటే వినండి. ఆ ఎక్కువంతా స్టార్టింగు కోసం. డీఓఎల్ (లైను కరెంటును నేరుగా మోటారుకిచ్చే) స్టార్టరు నొక్కగానే మోటారు ఆరు రెట్లు, అంటే 50 ఆంప్స్ దాకా లాగుతుంది. సెకనులో స్పీడు అందుకుంటుంది కాబట్టి 20 ఫ్యూజు తట్టుకుంటుంది. 10 వేస్తే ఏదో ఒక రోజు స్టార్టింగులోనే పోతుంది.

ఇక మామ చెప్పిన 63. బోరు అడుగున జాయింటు పాడై రెండు ఫేజులు కలిశాయనుకోండి. పోనూ రానూ ఆ తీగ రెసిస్టెన్సు 3 ఓమ్‌ల పైనే. 415 వోల్టులకు పారేది సుమారు 130 ఆంప్స్. అంత కరెంటుకు 2.5 ఎంఎం పీవీసీ తీగ లెక్క ప్రకారం ఐదు సెకన్లకు మించి ఓర్వదు. 20 ఫ్యూజు ఆ లోపే పోతుంది. 63 ఫ్యూజు పది సెకన్లయినా కదలదు! అలా కాలిన కేబుల్ మా షాపుకొచ్చింది: మూడు కోర్లూ కలిసి నల్లటి ముద్ద, రాగి ఎక్కడుందో కత్తితో గీకి చూడాల్సి వచ్చింది.

కదిరి రైతు:
మరి లోడెక్కువై మోటారు కాలిపోకుండా ఈ 20 ఆపుతుందా అన్నా?

వైండింగ్ షాపు:
ఆపదు తమ్ముడూ. 12 ఆంప్స్ లాగుతూ పొద్దంతా నడిచినా ఫ్యూజుకు తెలీదు. అది స్టార్టరులో ఉండే ఓవర్‌లోడ్ రిలే (లోడెక్కువైతే మోటారును ఆపేది) పని, దాన్ని 8.5 దగ్గరే పెట్టు. ట్రిప్పవుతోందని దాన్ని చివరిదాకా తిప్పేసే వాళ్ల పుణ్యమా అనే మా షాపు నడుస్తోంది.

పాత స్టార్టరు:
మావి కిట్‌క్యాట్‌లే (తీగ చుట్టే పింగాణీ ఫ్యూజులు). తీగ ఏది చుట్టాలి?

వైండింగ్ షాపు:
20 ఆంప్స్‌కు తగరం పూత ఉన్న 0.6 ఎంఎం రాగి తీగ. వైరు చీల్చి పోగులు మెలేసి చుట్టొద్దు. మూడు ఫ్యూజుల్లోనూ ఒకే మందం తీగ ఉండాలి. ఒక్కటి పోతే మోటారు రెండు ఫేజుల మీద మూలుగుతూ కాలిపోతుంది, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారును ఆపేది) లేకపోతే ముందు అది పెట్టించండి.