మన న్యూజెర్సీ తెలుగు సంఘం గ్రూపు. డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ పెట్టిన అంజిరెడ్డి గారి సంస్మరణ, మార్చి 15 శనివారం: హాల్ పోయింది, అందరూ చూడండి

ప్లెయిన్స్‌బరో అక్క, బుధవారం రాత్రి 9:12
స్కూల్ వాళ్లు ఆడిటోరియం ఇవ్వడం కుదరదన్నారు. ఇందాకే మెయిల్ వచ్చింది. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్‌లో వాళ్ల పేరు 'అడిషనల్ ఇన్సూర్డ్'గా ఉండాలట, అదీ పది పనిదినాల ముందే అందాలట. జ్యోతి ప్రజ్వలన అని ఫారంలో రాశాం కదా, దానికీ కుదరదన్నారు. ఇవాళ 5వ తారీకు. ఏం చేద్దాం?

హిల్స్‌బరో తమ్ముడు, 9:20
అయ్యో. నా వాటా పని అయిపోయింది అక్కా, పీపీటీ 34 స్లైడ్లు. తాడేపల్లి నుంచి 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ దాకా. లిస్టులో మిగిలినవి ఎవరెవరివి?

మన్రో బాబాయ్, 9:31
స్లైడ్ల సంగతి తర్వాత. మన సంఘం ఇన్సూరెన్స్ పాలసీ అసలు బతికే ఉందా? జనవరితో సరి అని నాకు గుర్తు.

ఎడిసన్ అన్న, 9:40
జనవరి 31తో అయిపోయింది. రెన్యూ చెయ్యాలంటే డబ్బుండాలి బాబాయ్. సంక్రాంతికి 420 మంది భోంచేశారు, టికెట్ కొన్నది 290. ఆ తేడా ఎవరు భరించారో అడగండి ముందు.

మన్రో బాబాయ్, 9:44
అడిగేది అదే కదా. నోరు విప్పకుండా కూచుంటే మాకు కలొస్తుందా?

ఎడిసన్ అన్న, 9:46
ముగ్గుల పోటీకి ప్రైజులు కొన్నప్పుడు ఏ ఒక్కరూ లెక్క అడగలేదు. ఇప్పుడు అందరూ ఆడిటర్లే.

ప్లెయిన్స్‌బరో అక్క, 9:47
ఇద్దరూ కాసేపు ఆగండి.

హిల్స్‌బరో తమ్ముడు, 9:55
ఒక మాట. డాక్టర్ రెడ్డీస్ ఆఫీసు ప్రిన్స్‌టన్‌లోనే ఉంది. మనవాళ్లు బోలెడుమంది పనిచేస్తున్నారు. ఓ వెయ్యి డాలర్లు స్పాన్సర్ చెయ్యమంటే కాదంటారా?

మన్రో బాబాయ్, 9:58
ఆ మాటెత్తకు. పోయినాయన పేరు చెప్పి ఆయన గుమ్మం ముందే చెయ్యి చాస్తామా?

హిల్స్‌బరో తమ్ముడు, 10:03
చెయ్యి చాపడం ఏంటి బాబాయ్. 1996లోనే ఫౌండేషన్ పెట్టి కుర్రాళ్లకి పని నేర్పించిన మనిషి. 98లో నాంది అనే సేవా సంస్థ. ఇలాంటివాటికి ఆయన కాదనేవారు కాదనే నా నమ్మకం.

మన్రో బాబాయ్, 10:05
ఆయన కాదనరు. అడగకూడనిది మనం.

ఈస్ట్ బ్రన్స్‌విక్, 10:30
మీరు కొట్లాడుకునేలోపు నేను నాలుగు హాళ్లకు ఫోన్ చేసిన. 14న హోలీ, శనివారం అందరివీ సంబురాలేనట, ఒక్కటి దొర్కలే. ఒక రెస్టారెంటాయన బాంక్వెట్ ఇస్తనన్నడు, ప్లేటుకు 38, కనీసం వంద ప్లేట్లు.

ఎడిసన్ అన్న, 10:34
3,800. ఖాతాలో ఉన్నది 612.

ప్లెయిన్స్‌బరో అక్క, గురువారం ఉదయం 7:15
రాత్రి నుంచి ఎవరూ ఉలకరు, పలకరు. మానేద్దామంటే మానేద్దాం, ఆ మాట ఎవరైనా చెప్పండి.

ఫ్రాంక్లిన్ పార్క్ చెల్లి, 12:20
మానెయ్యొద్దక్కా. మా లైబ్రరీలో కమ్యూనిటీ రూమ్ 15న 11 నుంచి 1 దాకా ఖాళీ. నాన్‌ప్రాఫిట్‌కి ఫ్రీ. ఫైర్ కోడ్ ప్రకారం 60 మందే. టికెట్ పెట్టకూడదు, చందా డబ్బా పెట్టకూడదు, నిప్పు మాటే వద్దు. వండకూడదు గానీ బాక్సులు తెచ్చుకోవచ్చు. టీవీ ఉంది కానీ చిన్నది, వెనక వరసకి ఆనదు. నా కార్డు మీద బుక్ చేసేశా.

ఎడిసన్ అన్న, 12:24
బంగారు తల్లివి.

హిల్స్‌బరో తమ్ముడు, 12:31
మరి 34 స్లైడ్లు?

ఈస్ట్ బ్రన్స్‌విక్, 12:50
ఫొటో ఒక్కటి పెట్టు తమ్మీ, చాలు. మనుషులతోని మాట్లాడిద్దాం. మా నాయిన బాలానగర్‌ల సర్కారు మందుల కంపెనీ ఐడీపీఎల్‌ల ఫిట్టర్. అంజిరెడ్డి గారు 69 నుంచి 75 దాకా ఆడనే పనిచేసిన్రు. హైదరాబాద్‌ల మందుల కంపెనీలు పెట్టినోళ్లు ఎంతమంది ఆ గేట్ల నుంచే బయటికొచ్చిన్రో చింతల్ క్వార్టర్లల్ల ఎవర్నడిగినా చెప్తరు. నాయిన ఇప్పుడు మా ఇంట్లనే ఉన్నడు. మైకిస్తే ఆపడు, అదొక్కటే భయం.

ప్లెయిన్స్‌బరో అక్క, 1:05
మైకు లేదుగా, పర్లేదు. నేను మియాపూర్‌లో వాళ్ల పరిశోధన ల్యాబ్ రోజుల గురించి పది నిమిషాలు చెప్తా. బాలగ్లిటజోన్ సంగతి కూడా. మన దగ్గర పుట్టిన షుగర్ మందుని 1997లో డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కి లైసెన్స్ ఇచ్చారు. ఒక భారతీయ కంపెనీ తన సొంత మాలిక్యూల్‌ని అలా ఇవ్వడం అదే మొదలు. మార్కెట్‌కి మాత్రం రాలేదు. పొగడ్తలే కాకుండా అదీ చెప్పాలి. కాపీ మందులతో ఆగిపోకుండా కొత్త మందు కనిపెట్టాలన్నదే ఆయన పట్టుదల.

మన్రో బాబాయ్, 1:40
కొడుకునీ అల్లుణ్నీ ఒకే కంపెనీలో కూర్చోబెట్టి పొరపొచ్చాలు లేకుండా నడిపించాడు చూడండి, దాని గురించి నేను మాట్లాడతా. మన ఊళ్లలో రైసు మిల్లులే రెండు ముక్కలవుతాయి.
దీపం బదులు ఇంకోటి. అంజిరెడ్డి గారి నాన్నగారు తాడేపల్లిలో పసుపు పండించేవారు. దుగ్గిరాల నుంచి మా బావమరిది పంపిన కొమ్ములు రెండు కేజీలున్నాయి, ఇంకా పాలిష్ చెయ్యనివి, మట్టి వాసన కూడా పోలేదు. ఇత్తడి పళ్లెంలో పోసి ఫొటో ముందు పెడదాం. వచ్చినవాళ్లు తలా ఒక కొమ్ము వేస్తారు. నిప్పు లేదు, ఇన్సూరెన్స్ లేదు.

ఫ్రాంక్లిన్ పార్క్ చెల్లి, 1:44
కార్పెట్ మీద పసుపు పడితే నా కార్డు మీదే ఫైన్ బాబాయ్! కింద పాత దుప్పటి పరుద్దాం.

ఎడిసన్ అన్న, 2:10
60 పులిహోర బాక్సులు, అరటిపళ్లు, నీళ్లు. 612లో 200 దాటనివ్వను. బాబాయ్, మీ గ్యారేజీలో ఆ పెద్ద గుండిగ ఉందా?

మన్రో బాబాయ్, 2:13
ఉంది. శుక్రవారం రాత్రి వచ్చి చింతపండు పిసుకు. లెక్కలు కూడా తీసుకురా, కలిపే చూద్దాం.

ఎడిసన్ అన్న, 2:14
తెస్తా. ఇంగువ మీ ఇంట్లోది వద్దు, నేనే తెస్తా.

హిల్స్‌బరో తమ్ముడు, 6:30
ఒక్క ఫొటోనే ప్రింట్ తీయిస్తున్నా, 24 బై 36. ఈజిల్ ఎవరి దగ్గరైనా ఉందా?

ఈస్ట్ బ్రన్స్‌విక్, 6:52
నాయిన ఇప్పటి నుంచే ఇస్త్రీ చొక్కా వెతుకుతున్నడు. మా కారుల ఇంకా ఇద్దరికి జాగ ఉంది, రూట్ 18 మీద ఎవరున్నా చెప్పున్రి.

ఫ్రాంక్లిన్ పార్క్ చెల్లి, 7:05
ఈజిల్ మా పాప స్కూల్ ప్రాజెక్టుది ఉంది, ఒక కాలు వదులు, టేప్ వేస్తా. 60 దాటితే లోపలికి రానివ్వరు, పేర్లు ఇక్కడే రాయండి. నా తరఫున ముగ్గురు.