యాక్ట్ ఆఫ్ వయొలెన్స్ (1949): ఫ్రాంక్‌ని చంపేసి సినిమా తప్పించుకుందా?

రెండో_ఆట:
ఫ్రెడ్ జినెమన్ తీసిన ఈ ఎమ్‌జీఎమ్ సినిమా నిన్న రాత్రి మూడోసారి చూశాను. ముగింపు దగ్గర మళ్ళీ అదే పేచీ. చూడనివాళ్ళ కోసం కథ చెప్పేస్తున్నాను. చివరిదాకా చెప్తాను కాబట్టి, చూసే ఉద్దేశం ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆగండి.

కాలిఫోర్నియాలో శాంటా లీసా అనే చిన్న ఊరు. ఫ్రాంక్ ఎన్లీ (వాన్ హెఫ్లిన్) అక్కడ ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు. రెండో ప్రపంచ యుద్ధంలో వీరుడని పేరు. భార్య, చంటిపిల్లాడు. ఒకరోజు న్యూయార్క్ నుంచి జో పార్క్‌సన్ (రాబర్ట్ రయన్) కుంటుకుంటూ, పిస్తోలుతో దిగుతాడు. ఇద్దరూ యుద్ధంలో జర్మన్లకి ఖైదీలుగా చిక్కి, ఒకే క్యాంపులో కలిసి ఉన్నవాళ్ళే. జో, మరికొందరు సొరంగం తవ్వి పారిపోదామనుకుంటే, ఫ్రాంక్ వెళ్ళి ఆ సంగతి క్యాంపు అధికారికి చెప్పేశాడు. వాళ్ళని ఏమీ చెయ్యనని అధికారి మాటిచ్చాడు. తర్వాత అందర్నీ బయొనెట్లతో పొడిపించాడు. కాలు పాడైపోయి బతికింది జో ఒక్కడే.

చివర్లో జోకి తగలాల్సిన తూటాకి ఫ్రాంక్ అడ్డం వెళ్ళి చచ్చిపోతాడు. అంటే లెక్క సరిపోయిందా? అంతసేపు మనల్ని ధర్మసందేహంలో ముంచి, చివరికి హీరోని చంపేసి చేతులు దులుపుకోవడం నాకు మింగుడు పడలేదు.

పాతరీలు:
అప్పటి ప్రొడక్షన్ కోడ్ (సినిమాల్లో ఏం చూపించొచ్చో చెప్పే నీతి నియమావళి) సంగతి మర్చిపోతున్నారు. 1934 నుంచి హాలీవుడ్‌లో గట్టిగా అమలైంది. తప్పు చేసినవాడు శిక్ష తప్పించుకున్నట్టు చూపిస్తే సినిమా బయటికి రావడమే కష్టం. ఫ్రాంక్ మర్నాడు ఆఫీసుకెళ్ళి ఇళ్ళ ప్లాన్లు చూసుకునే ముగింపు ఎవరు ఒప్పుకుంటారు? జినెమన్ చేతుల్లో ఉన్నది అంతవరకే.

గోదారిగట్టు:
కోడ్ మాట నిజమే గానీ పాతరీలు గారూ, అది ముగింపుకి కారణం అవుతుందేమో, సమర్థన కాదు. రెండో_ఆట గారు వదిలేసిన ఒక ముక్క ఉంది. ఆ తూటా పేల్చిన జానీ అనే కిరాయి హంతకుణ్ణి కుదుర్చుకున్నది ఫ్రాంకే. లాస్ ఏంజెలెస్ సందుల్లో రాత్రంతా పరిగెత్తి, తాగి, ఆ మత్తులో బేరం ఒప్పుకున్నాడు. పొద్దున్నే మత్తు దిగాక గుండె జారిపోయింది. చివర్లో రైల్వే స్టేషన్ దగ్గర అతను ఆపింది తను కొత్తగా చేయబోయిన ద్రోహాన్ని. పాత ద్రోహం ఎక్కడిదక్కడే ఉంది. అందుకే లెక్క సరిపోయిందని సినిమా అనలేదు, మనం అనుకున్నాం.

నా మటుకు అసలు తీర్పు అంతకుముందే, లాస్ ఏంజెలెస్‌లో ఫ్రాంక్ ఉన్న హోటల్ వెనక మెట్ల మీదే అయిపోయింది. భార్య ఈడిత్ (జానెట్ లీ) వెతుక్కుంటూ వస్తుంది. చుట్టూ నీడలు, ఇనప కమ్మీలు, జైల్లో ఉన్నట్టే. మొదట అందరూ చెప్పే సాకే చెప్తాడు: వాళ్ళని కాపాడదామనే చెప్పానని. తర్వాత ఒక్కొక్క పొరా తనే ఒలుచుకుంటాడు. నాజీలు బదులుగా తిండి పెట్టారని, అటు మనుషులు చచ్చిపోయారని, ఇటు తను తింటూనే ఉన్నానని. శత్రువు ఉప్పు తినడం అని మనం మాటవరసకి అనేస్తాం. ఇక్కడ అది నిజంగా కంచంలో ఉంది. మా నాన్నగారు ఆర్మీలో చేసి రిటైరయ్యారు. ఆయన పక్కన కూర్చుని చూశాను. పిస్తోలు చూసినప్పుడు కదల్లేదు, ఈ మాట దగ్గర లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చారు.

జినెమన్ యూదుడు. తల్లిదండ్రులు నాజీల మారణకాండలో పోయారు. ఈ సినిమాకి ముందే, శిథిలమైన జర్మనీకి వెళ్ళి, యుద్ధంలో తల్లికి దూరమైన పిల్లాడి కథ తీశాడు. అలాంటివాడు క్షమాపణ చీటీ అంత తేలిగ్గా రాసిస్తాడంటే నేను నమ్మను.

వంటింటి_కిటికీ:
అందరూ ఫ్రాంక్ గురించే మాట్లాడుతున్నారు, పాపం జో సంగతేమిటి? శాంటా లీసాలో దిగేసరికి వీరుల సంస్మరణ దినం కవాతు సాగుతూ ఉంటుంది. వాళ్ళు బారులు తీరి నడుస్తుంటే, ఇతను కుంటుకుంటూ అడ్డంగా దాటుకుని పోతాడు. అసలు దెబ్బ తిన్నవాడికి ఆ కవాతులో చోటే లేదు. సన్మానం మాత్రం ఫ్రాంక్‌కి. ఇంక పగ పట్టకుండా ఎలా ఉంటాడు?

ఇంకోటి. ఫ్రాంక్ ఇంట్లో లైట్లు ఆర్పేసి భార్యాభర్తలు చీకట్లో కూర్చుంటారు. బయట ఒక అడుగు మామూలుగా, రెండోది ఈడుస్తూ వినిపిస్తుంటుంది. మనిషి కనపడడు. నాకు వెన్నులో చలి పుట్టింది. అర్ధరాత్రి మా వీధి గేటు కిర్రుమంటే ఇప్పటికీ అదే గుర్తొస్తోంది, నవ్వకండి.

రెండో_ఆట:
గోదారిగట్టు గారూ, కిరాయి హంతకుడి పాయింటు ఒప్పుకుంటున్నాను, అలా ఆలోచించలేదు. కానీ ఫ్రాంక్ బతికుంటే కదా అసలు కష్టం? మెట్ల మీద అంత చెప్పినవాడు ఊళ్ళోవాళ్ళ ముందు కూడా చెప్పాలి. తను కట్టిన ఇళ్ళలో చేరినవాళ్ళ మొహాలు చూడాలి. చావు దాన్నించి తప్పించింది. అక్కడే నాకు గొంతులో ముల్లు. వంటింటి_కిటికీ గారూ, జో కోపం న్యాయమే. పగ మానుకోమని అతని ప్రియురాలు ఆన్ న్యూయార్క్ నుంచి వచ్చి మరీ బతిమాలుతుంది. ఆమె మాట వినడానికి ఒక్క నిమిషం ఆగడు చూడండి, అది న్యాయం హద్దు దాటేసింది.

పాతరీలు:
ఆన్ పాత్ర బలహీనంగా రాశారు, ఆమెని ఇందులోకి లాగకండి. బార్‌లో ఫ్రాంక్‌కి తగిలే పాట్‌గా మేరీ యాస్టర్ చూడండి. అలిసిపోయిన మొహం, చవక బట్టలు. ఆ కొద్దిసేపట్లోనే ఒక జీవితం మొత్తం కనపడుతుంది.

వంటింటి_కిటికీ:
సరే, అయితే ఆఖరి సీన్ మళ్ళీ చూడండి. ఫ్రాంక్ పోయాక, ఈడిత్‌కి నేనే చెప్తానని బయల్దేరేది జో. భర్త చేసిన ద్రోహం గురించి ఆమె మొదట విన్నది కూడా జో నోటనే, తన ఇంట్లోనే. ఇప్పుడు మళ్ళీ అదే గుమ్మం, అదే కుంటినడక. ఊళ్ళోవాళ్ళ మొహాలు ఫ్రాంక్ చూడాలన్నారు కదా. ఇక వాటిని చూడాల్సింది ఈడిత్, చంకలో పిల్లాడితో. ఆవిడ తప్పించుకుందంటారా?