ఆర్ అండ్ డీ ఖర్చు, ఉత్పాదకత: ఫార్మాలో సున్నా, ఐటీలో మైనస్ ఎందుకొస్తోంది?

ప్రశ్న

నమస్కారమండీ. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. కంపెనీల ఖాతాలుండే ప్రోవెస్ డేటాబేస్ నుంచి 2011-12 మొదలు పదేళ్లకు ఫార్మా, ఆటో విడిభాగాలు, ఐటీ సేవల కంపెనీల లెక్కలు తీశాను. అమ్మకాల్లో ఆర్ అండ్ డీ (పరిశోధన, అభివృద్ధి) ఖర్చు శాతానికీ, అదే ఏడాది ఉత్పాదకతకీ రిగ్రెషన్ (ఒకటి మారితే రెండోది ఎంత మారుతుందో చూసే గణాంక లెక్క) వేస్తే ఆటోలో ప్లస్, ఫార్మాలో దాదాపు సున్నా, ఐటీలో మైనస్ వస్తోంది. లోపం ఎక్కడుంది?

జవాబు 1

ముందు ఆ శాతం తీసేయండి. అమ్మకాలు పడిపోయిన ఏడాది ఖర్చు మారకపోయినా శాతం పెరుగుతుంది, ఉత్పాదకతేమో తగ్గుతుంది. మైనస్‌లో కొంత అక్కడిదే.

దాని బదులు జ్ఞాన నిల్వ కట్టండి, అంటే ఏటేటా పెట్టిన ఆర్ అండ్ డీ ఖర్చును పాతబడినంత తీసేస్తూ పోగు చేసిన మొత్తం. తరుగు 15 శాతం అనుకోవడం వాడుక. మొదటి ఏడాది ఖర్చు 12 కోట్లు, ఏటా 5 శాతం పెరుగుదల అనుకుంటే, ఆరంభ నిల్వ 12ను 0.20తో (తరుగు 15, పెరుగుదల 5 కలిపి 20 శాతం) భాగిస్తే వచ్చే 60 కోట్లు. ఏడాది చివరికి అందులో 85 శాతం, అంటే 51, దానికి 12 కలిపితే 63. ఇలా ఏటా. ధరల సూచీతో ఖర్చును సర్దాకే ఇదంతా చేయాలి. రిగ్రెషన్‌లో గత ఏడాది చివరి నిల్వ పెట్టండి.

ఇంకోటి: శాస్త్రవేత్తల జీతాలు ఉద్యోగుల ఖర్చులోనూ, ఆర్ అండ్ డీలోనూ రెండుసార్లు పడతాయి. ఒకచోట తీసేయకపోతే ఆర్ అండ్ డీ ప్రభావం అసలు కన్నా తక్కువగా కనిపిస్తుంది.

జవాబు 2

ఫార్మా సంగతి వేరండీ. ఒకే పద్దు కింద రెండు రకాల పనులుంటాయి. అమెరికాలో జనరిక్ మందుకు దరఖాస్తు అంటే ఫార్ములేషన్, స్థిరత్వ పరీక్షలు, బయోఈక్వివలెన్స్ (అసలు మందులాగే ఒంట్లో పనిచేస్తుందని చూపే పరీక్ష), ఆపైన అనుమతి కోసం ఎదురుచూపు. డబ్బు ఇవాళ పోతుంది, రాబడి ఏళ్ల తర్వాత.

జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే మూల రసాయనం) ప్లాంట్లలో ప్రాసెస్ ఆర్ అండ్ డీ, అంటే తయారీ పద్ధతిని మెరుగుపరిచే పని, అలా కాదు. ఐదు దశల సింథసిస్‌లో ప్రతి దశ ఈల్డ్ (రావాల్సిన సరుకులో నిజంగా వచ్చేది) 80 శాతమైతే మొత్తం ఈల్డ్ 33 శాతం దాటదు. ఒక్క దశను 90కి తెస్తే దాదాపు 37. అదే ముడిసరుకుతో 12.5 శాతం ఎక్కువ సరుకు, అదీ కొత్త ప్రాసెస్ ప్లాంటుకు ఎక్కిన వెంటనే. రెంటినీ కలిపేస్తే సగటు సున్నాకు దగ్గరగా రావడంలో వింత లేదు. కనీసం బల్క్ డ్రగ్, ఫార్ములేషన్ కంపెనీలను విడదీయండి. ఫార్ములేషన్లకు మూడు నుంచి ఐదేళ్ల ఆలస్యం ఇచ్చి చూడండి.

ధరలూ చూసుకోండి. 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు కింద గరిష్ఠ ధర తగ్గితే, మాత్రలు ఎక్కువ తయారైనా రూపాయల్లో ఉత్పాదకత తగ్గినట్టే కనిపిస్తుంది.

జవాబు 3

ఐటీలో ఆర్ అండ్ డీ గడి ఖాళీగా ఉంటే సున్నా అనుకోకండి. ఆదాయపు పన్ను చట్టం 35(2ఏబీ) సెక్షన్ కింద ఆర్ అండ్ డీ ఖర్చుకు 2020 మార్చి దాకా దొరికిన అదనపు మినహాయింపు తయారీ, బయోటెక్ కంపెనీలకే. సేవల కంపెనీకి ఆ ఖర్చును విడిగా చూపే అవసరమే తక్కువ. కొత్త టూల్ కట్టే ఇంజినీరు జీతం మామూలు జీతాల్లో కలిసిపోతుంది. నా మాటైతే ఐటీ సేవలను ఈ నమూనాలోంచి తీసేయండి.

తయారీలోనూ జాగ్రత్త. ఆ మినహాయింపు 2017 మార్చి దాకా 200 శాతం, 2020 మార్చి దాకా 150, ఆపైన 100. రేటు మారితే ఏ ఖర్చును ఆర్ అండ్ డీ అని రాస్తారో అదీ మారుతుంది. ఏడాదివారీ డమ్మీలు (ఆ ఏడాది అందరికీ వచ్చిన మార్పును వేరుచేసే 0, 1 గుర్తులు) తప్పనిసరి, పరిశ్రమకు విడివిడిగా పెడితే ఇంకా మేలు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. ఇండ్ ఏఎస్ 38 (కంటికి కనిపించని ఆస్తులకు అకౌంటింగ్ ప్రమాణం) ప్రకారం ఆస్తిగా చూపిన అభివృద్ధి ఖర్చునూ కలపాలా?

జవాబు 1

కలపాలి. లాభనష్టాల ఖాతాలోది మాత్రమే తీసుకుంటే మూలధన ఖాతాలోది జారిపోతుంది. కానీ ఆ ఆస్తి ఏటా రద్దయ్యే మొత్తాన్ని మళ్లీ కలపకండి, అదే డబ్బు రెండోసారి లెక్కకొస్తుంది.