మొదటి బండి చిన్నదే కొనాలా, నచ్చింది నేరుగా కొనేయాలా?

కొత్త క్లచ్:
నాలుగేళ్లుగా స్కూటర్ నడుపుతున్నాను. గేర్ల బండి మాత్రం ఇంతవరకు ముట్టుకోలేదు. ఇప్పుడు కొనాలని గట్టిగా అనుకున్నాను. నా వయసు 26, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. ఆఫీసుకు రానుపోను రోజూ పాతిక కిలోమీటర్లు. సెలవు దొరికితే కాస్త దూరం వెళ్లి రావాలని కోరిక.

ఇంట్లో తలో మాట అంటున్నారు. మా అన్నయ్య కేటీఎం కంపెనీ 390 డ్యూక్ పాత మోడల్ తీసుకోమంటాడు. చిన్నది కొంటే ఏడాదికే విసుగొస్తుందట, అమ్మితే నష్టమట, ఆ కొనేదేదో ఇప్పుడే కొనెయ్యమంటాడు. నాన్న స్నేహితుడొకాయన సెకండ్ హ్యాండ్‌లో 125 సీసీ బండి తీసుకుని ఏడాదిపాటు నడపమంటారు. నాకేమో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మీద మనసుంది. ఫలానాది కొను అని వదిలేయకుండా కారణం కూడా చెప్పండి, ఆలోచించుకోవడానికి పనికొస్తుంది.

రెండు చక్రాలు:
నా ఓటు చిన్న బండికే. మొదటి రెండు మూడు నెలలు మన ధ్యాసంతా చేతుల్లోనూ కాళ్లలోనూ ఉంటుంది. క్లచ్ ఎంతవరకు వదిలాను, రెండో గేరు పడిందా, న్యూట్రల్లో ఇరుక్కుందా అన్న ఆలోచనలోనే సగం బుర్ర పోతుంది. ముందున్న గుంట, ఉన్నట్టుండి తలుపు తెరిచే కారు, అడ్డంగా వచ్చే మనిషి, వీటికి మిగిలేది ఆ మిగతా సగమే. అలాంటప్పుడు తప్పులు జరిగి తీరుతాయి. ఆ తప్పుల్ని ఓర్చుకునే బండి మీద నేర్చుకోవాలి.

స్ప్లెండర్ ప్లస్ చూడండి. 97.2 సీసీ, 8 హార్స్‌పవర్, బరువు 112 కిలోలు. క్లచ్ ఠక్కున వదిలేస్తే ఒక కుదుపు ఇచ్చి ఆఫ్ అయిపోతుంది. మళ్లీ స్టార్ట్ చేసుకుని వెళ్లిపోతాం. మీ అన్నయ్య చెప్పిన 373 సీసీ డ్యూక్‌లో 43 హార్స్‌పవర్ పైనే ఉంది. యాక్సిలరేటర్ కాస్త ఎక్కువ తిప్పి అదే తప్పు అక్కడ చేస్తే, ఏం జరిగిందో తెలిసేలోపు ముందున్న వాహనం మీదికి వెళ్లిపోతారు.

ఇంకో మాట. నేర్చుకునేవాళ్ల బండి ఎక్కువగా పడేది వేగంలో కాదు. సిగ్నల్ దగ్గర ఆగేటప్పుడు, స్టాండ్ తీసేటప్పుడు, ఇరుకులో వెనక్కి తిప్పేటప్పుడు పడుతుంది. 112 కిలోలు ఒరిగితే కాలు అడ్డం పెట్టి ఆపగలరు. మీకు నచ్చిన క్లాసిక్ 195 కిలోలు, అది ఒకసారి ఒరగడం మొదలైతే ఆపబోయి కాలు మీద వేసుకుంటారు.

ఒకే బండి:
ఈ సలహా అందరూ ఇచ్చేదే, నేను మాత్రం ఒప్పుకోను. అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో సుమారు 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించింది. 1981లో నివేదిక వచ్చింది. ప్రమాదానికి గురైనవాళ్లలో సగం మందికి పైగా ఆ బండి చేతికొచ్చి ఐదు నెలలు కూడా కాలేదు. అలాగని వాళ్లు బొత్తిగా కొత్తవాళ్లు కారు, రోడ్డు మీద వాళ్ల అనుభవం దాదాపు మూడేళ్లు!

దీన్ని నేను ఇలా అర్థం చేసుకుంటాను. ప్రమాదం రైడింగ్ కొత్త కావడంలోనే లేదు, ఆ బండి కొత్త కావడంలో కూడా ఉంది. దాని బ్రేకు ఎక్కడ పట్టుకుంటుందో, మలుపులో ఎంత వంగుతుందో, తడి రోడ్డు మీద టైరు ఎలా ఉంటుందో తెలియకపోవడంలో ఉంది. చిన్నది కొని ఎనిమిది నెలలకు అమ్మి పెద్దది కొన్నారంటే ఆ ఐదు నెలల గండాన్ని రెండుసార్లు దాటాలి. పైగా రెండోసారి 'నాకు వచ్చు' అన్న ధీమా కూడా తోడవుతుంది. అందుకే నాలుగైదేళ్లు ఉంచుకోదగ్గ బండి ఒకటి కొనండి, దాని మీదే నెమ్మదిగా నేర్చుకోండి. ఇష్టంగా కొన్న బండి అయితే రోజూ బయటికి తీస్తారు. చేయి తిరిగేది అలాగే.

టార్క్ మాస్టారు:
ఒకే బండి గారూ, అదే నివేదికలో ఇంకో అంకె కూడా ఉంది. ఆ రైడర్లలో 92 శాతం మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లు. శిక్షణ తీసుకున్నవాళ్లు బహు తక్కువ. బండి మార్చడం గురించి మాట్లాడేటప్పుడు దీన్ని పక్కన పెట్టకూడదు.

ఇక అసలు చర్చకు వస్తే, మనమంతా సీసీ చూసి పెద్దదీ చిన్నదీ అంటున్నాం. సీసీ అంటే సిలిండర్లో చోటు, అంతే. ఆ చోటుతో కంపెనీ ఏం చేసిందన్నది వేరే సంగతి. క్లాసిక్ 350 ఇంజిన్ 349 సీసీ, పవర్ 20 హార్స్‌పవర్. డ్యూక్‌ది 373 సీసీ, పవర్ 43. సీసీ దాదాపు ఒకటే, పవర్ మాత్రం రెట్టింపుకు పైనే. టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, ఎక్కడ వస్తుందో కూడా చూడాలి. క్లాసిక్ గరిష్ఠ టార్క్ 27 న్యూటన్ మీటర్లు, అది 4,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే వచ్చేస్తుంది. అంటే తక్కువ వేగంలో క్లచ్ కాస్త అటూ ఇటూ అయినా ఇంజిన్ లాక్కుపోతుంది, ఊరికే ఆఫ్ అవదు. డ్యూక్‌కి 37 న్యూటన్ మీటర్లు 7,000 దగ్గర వస్తాయి. కింద నీరసంగా ఉండి, పైకి వెళ్లేకొద్దీ ఒక్కసారిగా తోసుకొస్తుంది. కొత్తవాళ్లు భయపడేది ఈ రెండో రకానికే.

యూరప్‌లో లైసెన్సు మెట్లు పెట్టారు, అక్కడ పవర్‌ను కిలోవాట్లలో కొలుస్తారు. 125 సీసీ, 11 కిలోవాట్లు దాటనిది ఏ1. ఆ పైది ఏ2, దాని హద్దు 35 కిలోవాట్లు, కిలో బరువుకు 0.2 కిలోవాట్. చట్టం ఇక్కడ సీసీతో ఆగలేదు, పవర్‌నూ బరువునూ కలిపి కొలిచింది. డ్యూక్ 32 కిలోవాట్లు, బరువు 170 కిలోల చుట్టూ, అంటే కిలోకు 0.19 దాకా వస్తుంది. హద్దుకు కాస్త లోపల ఉందన్నమాట. క్లాసిక్ అందులో సగం కూడా లేదు. ఆస్ట్రేలియాలో కూడా నేర్చుకునేవాళ్లకు 660 సీసీ దాకా అనుమతి ఉంది, కానీ టన్నుకు 150 కిలోవాట్లు మించకూడదు. కాబట్టి చిన్నదా పెద్దదా అని కాకుండా పవర్‌ను బరువుతో భాగించి చూడండి. ఆ లెక్కలో 350 'పెద్ద బండి' కానే కాదు.

రెండు చక్రాలు:
మాస్టారూ, లెక్క బాగుంది. మరి ఆ 195 కిలోలు కూడా లెక్కలోనివేగా? భాగహారంలో బరువు పెరిగితే అంకె తగ్గుతుంది, సరే. చేతుల మీద పడేటప్పుడు మాత్రం బరువు బరువే.

ఇక 'పెద్దది కొని నెమ్మదిగా నడపండి' అన్నదానికి నా సొంత అనుభవం చెబుతాను. నా మొదటి బండి నా స్థాయికి మించిన పవర్ ఉన్నది. నెమ్మదిగానే నడిపేవాణ్ణి. ఒకరోజు యూటర్న్ తీసుకుంటుంటే ఇసుకలో వెనక చక్రం జారింది. బెదిరి క్లచ్ వదిలేశాను. బండి ముందుకు దూకింది. బండి ముందుకు దూకితే ఒళ్లు వెనక్కి పోతుంది, ఒళ్లు వెనక్కి పోతే గుప్పిట్లో ఉన్న యాక్సిలరేటర్ ఇంకా తిరుగుతుంది, దాంతో బండి మరింత ఎగురుతుంది. ఇదంతా ఒక్క సెకను. ఎదురుగా ఉన్న గట్టుకు కొట్టుకుని భుజం దగ్గర ఎముక విరిగింది. నెమ్మదిగా వెళ్లాలన్న నిర్ణయం మనసుది. బెదిరినప్పుడు పని చేసేది చేయి. దానికి మన నిర్ణయాలు తెలియవు.

సాయంత్రం రైడ్:
కొత్త క్లచ్ గారూ, నేనూ మీ ఎత్తే, నేనూ స్కూటర్ నుంచే వచ్చాను. ఇక్కడ అందరూ మిమ్మల్ని ఏమీ రానివాళ్ల కింద చూస్తున్నారు, అది సరికాదు. నాలుగేళ్లు ట్రాఫిక్‌లో తిరిగినవాళ్లకు ఎవరు ఎటు తిరగబోతారో కనిపెట్టే చూపు వచ్చేస్తుంది. అది గేర్ల బండికీ పనికొస్తుంది.

మీకున్న ప్రమాదం వేరే చోట ఉంది, అదింకా ఎవరూ చెప్పలేదు. స్కూటర్‌కి ఎడమ చేతి కింద ఉండేది బ్రేకు. చాలా స్కూటర్లలో ఎడమ లివర్ ఒక్కటే నొక్కినా రెండు చక్రాలకూ బ్రేకు పడుతుంది. నాలుగేళ్లుగా ఆపద అనగానే మీ ఎడమ చేయి బిగుసుకోవడం నేర్చుకుంది. గేర్ల బండిలో అక్కడ ఉండేది క్లచ్! ముందు బ్రేకు కుడి చేతికి, వెనక బ్రేకు కుడి కాలికి ఉంటాయి. క్లచ్ నొక్కితే బండి ఆగదు సరికదా, ఇంజిన్ పట్టు కూడా వదిలేసి జారిపోతూ ఉంటుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 11 మీటర్లు వెళ్తాం. పొరపాటు తెలిసి కుడి చేయి లివర్ మీదికి వచ్చేసరికి ఆ 11 మీటర్లు అయిపోతాయి. నాకు ఇలా రెండుసార్లు జరిగింది. రెండోసారి ముందున్న ఆటోకి జానెడు దూరంలో ఆగాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. హర్ట్ నివేదికలో కూడా రైడర్ల సాధారణ తప్పుగా రాసింది ఇలాంటిదే. వెనక బ్రేకు గట్టిగా తొక్కి చక్రం లాక్ చేయడం, ముందు బ్రేకు చాలినంత వాడకపోవడం.

ఎత్తు సంగతికి వస్తే, రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలని ఏమీ లేదు. ఒక కాలి మునివేళ్ల కింది భాగం గట్టిగా ఆని, రెండోది బ్రేకు మీద ఉంటే చాలు. సీటు ఎత్తు అంకె ఒక్కటే చూసి మోసపోకండి. క్లాసిక్ సీటు 805 మిల్లీమీటర్లు, కానీ సీటు వెడల్పు ఉంటే కాళ్లు పక్కలకు వెళ్లి అంతే ఎత్తు ఇంకా ఎక్కువనిపిస్తుంది. షోరూముకు రోజూ వేసుకునే బూట్లతోనే వెళ్లండి. కూర్చుని స్టాండ్ తీసి, కాస్త అటూ ఇటూ ఒరిగించి చూడండి. తర్వాత దిగి, ఇంజిన్ ఆపి పది అడుగులు వెనక్కి నెట్టండి, వీలైతే కొంచెం ఎత్తుగా ఉన్న చోట. నెట్టలేని బండి ఎంత నచ్చినా రోజూ ఏడిపిస్తుంది.

షెడ్డు మనిషి:
బండ్లు బాగుచేసేవాడిగా రెండు ముక్కలు. సెకండ్ హ్యాండ్ అయితే వెళ్లేముందే 'బండి స్టార్ట్ చేయకుండా ఉంచండి' అని చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం, పొద్దుటి స్టార్టింగ్ ఇబ్బంది దాస్తున్నారేమో అనుమానించాలి. బ్రేకు, క్లచ్ లివర్ల చివరలు, ఫుట్‌రెస్ట్ కొనలు, హ్యాండిల్ చివరలు చూడండి. పెయింట్ మళ్లీ వేయొచ్చు గానీ అక్కడి గీతలు చాలామంది మరిచిపోతారు. స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్లచక్రం) పళ్లు మొనదేలి ఒకవైపు వంగి ఉంటే చైన్ సెట్ మొత్తం మార్చాల్సిందే. ముందు చక్రాన్ని పట్టుకునే ఫ్రంట్ ఫోర్కు గొట్టాల మీద ఆయిల్ తడి ఉంటే, ఆయిల్ కారకుండా ఆపే సీలు పోయిందని అర్థం. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. గాట్లు బాగున్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు కాగితాలతో సరిచూసుకోకుండా డబ్బు ఇవ్వకండి.

చిన్నదైనా పెద్దదైనా ఏబీఎస్ ఉన్నదే కొనండి తల్లీ. బెదిరి గట్టిగా నొక్కినా ముందు చక్రం లాక్ కానివ్వదు. ముందు చక్రం లాక్ అయితే పడిపోవడానికి అర సెకను చాలు. మలుపులో వంగి ఉన్నప్పుడు మాత్రం మామూలు ఏబీఎస్ మీద భరోసా పెట్టుకోవద్దు.

ఒకే బండి:
స్కూటర్ ఎడమ చేతి అలవాటు సంగతి నాకు తట్టలేదు, నేను గేర్ల బండితోనే మొదలుపెట్టినవాణ్ణి. సాయంత్రం రైడ్ గారు చెప్పింది నిజం. డ్యూక్ వద్దని నేనూ అంటాను. ఏడాదిలోపు బండి మార్చొద్దన్న మాట మీద మాత్రం ఇంకా ఉన్నాను. చిన్నది కొంటే కనీసం రెండేళ్లు ఉంచుకునేలా, దూర ప్రయాణానికి కూడా తట్టుకునేలా 150, 160 లాంటిది చూసుకోండి. మరీ చిన్నది కొన్నారంటే మొదటి సుదూర ప్రయాణం రోజే అమ్మేయాలనిపిస్తుంది.

కొత్త క్లచ్:
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మూడు వారాలైంది, ఏం జరిగిందో చెబుతాను.

మూడు బండ్ల మీద కూర్చుని చూశాను. క్లాసిక్ మీద కూర్చుంటే పాదాలు బాగానే ఆనాయి, అప్పుడు నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. దిగి వెనక్కి నెట్టబోతే నాలుగో అడుగు దగ్గర ఆగిపోయాను. ఆ చోట కొద్దిగా ఎత్తు ఉంది, అంతే. డ్యూక్ నెట్టగలిగాను కానీ మాస్టారు చెప్పింది విన్నాక నడపడానికి ధైర్యం చాలలేదు. చివరికి ముందు చక్రానికి ఏబీఎస్ ఉన్న 160 సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఫోర్కు సీలు కారుతుంటే షెడ్డు మనిషి గారి మాట గుర్తొచ్చి, మార్చి ఇస్తేనే కొంటానన్నాను. మార్చి ఇచ్చారు.

మొదటి ఆదివారం ఖాళీ మైదానంలో అన్నయ్యను ఒక పక్కన నిలబెట్టి, నేను ఇరవై వేగంలో వస్తుంటే ఉన్నట్టుండి 'ఆగు' అని అరవమన్నాను. పదిసార్లలో ఆరుసార్లు నా ఎడమ చేయి ఒక్కటే బిగుసుకుంది. బండి అలా సాగిపోతూనే ఉంది. రోడ్డు మీద అయితే ఏమయ్యేదో అనుకుంటే ఒళ్లు జలదరించింది. ఇప్పుడు పదికి రెండుసార్లు అవుతోంది. ఇది పూర్తిగా పోవడానికి ఎన్ని రోజులు పడుతుంది? ఆఫీసుకు ఇంకా స్కూటరే తీసుకెళ్తున్నాను.

సాయంత్రం రైడ్:
ఆ స్కూటరే అడ్డం పడుతోందండి. పొద్దున అది, సాయంత్రం ఇది నడిపితే చేయి ఏ అలవాటూ వదలదు. నెల రోజులు స్కూటర్ తాళం అన్నయ్యకు ఇచ్చేసి, ఆఫీసుకు బస్సులో వెళ్లండి. మైదానంలో మాత్రం రోజూ పావుగంటైనా నడపండి. ముందు బ్రేకును ఒక్కసారిగా గుంజకుండా, మొదట మెల్లగా పట్టి తర్వాత బిగించడం అలవాటు చేసుకోండి. మూడు రోజులు వరుసగా పదికి పదిసార్లూ కుడి చేయి, కుడి కాలు ముందు కదిలాక రోడ్డెక్కండి. అది కూడా మొదటివారం పొద్దున్నే, రద్దీ లేనప్పుడు.

అన్నయ్యను మాత్రం ప్రతిసారీ ఒకే చోట నిలబడనివ్వకండి. చోటు తెలిస్తే చేయి ముందే సిద్ధమైపోతుంది.