పెన్సిలిన్ వేసిన అర నిమిషానికే ఆవు కూలబడింది, ఇలా ఎవరికైనా జరిగిందా?

కొత్తపాడి:
ఆవు గిట్టల మధ్య చీము పట్టి కుంటుతుంటే డాక్టరు గారు ప్రొకైన్ పెన్సిలిన్ ఐదు రోజులు రాశారు. మొదటి సూది ఆయనే వేసి, మిగతావి మెడ కండకి ఎలా వేయాలో చూపించి వెళ్లారు. రెండో రోజు బాగానే జరిగింది. ఈ రోజు సూది తీసిన అర నిమిషంలోపే తాడు తెంచుకునేలా లాగి, ఒళ్లంతా వణికి, పక్కకి ఒరిగిపోయింది. చచ్చిపోయిందనే అనుకున్నాను. పది నిమిషాలకి తనే లేచింది, ఇప్పుడు మేత తింటోంది. డాక్టరు గారి ఫోను కలవడం లేదు. రేపటి సూది తలుచుకుంటే చేతులు ఆడటం లేదు. ఈ మందు దానికి పడదంటారా?

గేదెలక్క:
తమ్ముడూ, మా గేదెకి అచ్చం ఇలాగే అయింది, బతికింది. ఒక్క మాట చెప్పు. మూడు రోజులూ ఒకే చోట వేశారా? మందు ఎక్కించే ముందు పిస్టన్ వెనక్కి లాగి చూశావా?

కొత్తపాడి:
అవునక్కా, మెడకి ఒకే పక్క, దాదాపు అక్కడే. పిస్టన్ మొదటిసారి లాగాను. ఈ రోజు ఆవు కదులుతోందని గబగబా తోసేశాను.

పశువైద్యం_18ఏళ్లు:
మీరు చెప్పిన తీరు చూస్తే అలర్జీ కంటే ప్రొకైన్, అంటే ఈ పెన్సిలిన్‌తో కలిపి ఉండే తిమ్మిరి మందు, రక్తంలోకి వెళ్లినట్టే ఎక్కువ అనిపిస్తోంది. ఈ మందు కండలో మెల్లగా కరగాలి. సూది మొన రక్తనాళంలో పడితే ప్రొకైన్ నేరుగా మెదడుకి చేరుతుంది. సెకన్లలో బెదురు, వణుకు, పడిపోవడం. బతికి బయటపడితే కొద్ది నిమిషాల్లోనే తేరుకుంటుంది. రోజూ ఒకే చోట పొడిస్తే అక్కడ వాచి రక్తం ఎక్కువ చేరుతుంది, అందుకే ఆ ప్రమాదం పెరుగుతుంది. సీసా ఎండలో, వేడిలో ఉంచినా పెన్సిలిన్ నుంచి విడిపోయిన ప్రొకైన్ అందులో పెరుగుతుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డ కట్టనివ్వకూడదు.

అలర్జీ అయితే కనురెప్పలు, ముఖం వాస్తాయి, ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి, ఊపిరి అందక రొప్పుతుంది. దానికి వెంటనే అడ్రినలిన్ కావాలి. అయితే చూడకుండా నేను తేల్చి చెప్పలేను. మీ డాక్టరు గారితో మాట్లాడేదాకా తర్వాతి సూది వేయకండి. అలాగని కోర్సు మధ్యలో వదిలేయనూ వద్దు, ఈ రోజే ఆయన్నో ఇంకో వైద్యుణ్ణో పట్టుకోండి.

గేదెలక్క:
అప్పట్నుంచి నేను చేసేది: గొడ్డుని కదలకుండా కట్టాకే సిరంజి చేతికి తీసుకుంటాను. ముందు సూది ఒక్కటే గుచ్చి, రక్తం చుక్క రాకపోతేనే సిరంజి తగిలిస్తాను. మళ్లీ పిస్టన్ లాగుతాను. ఎరుపు కనిపిస్తే తీసేసి కొత్త సూదితో వేరే చోట. ఒక రోజు కుడి మెడ, మరుసటి రోజు ఎడమ మెడ. తొడకి అసలు వేయను, దూడల్లో అక్కడి నరం దెబ్బతిని కాలు ఈడుస్తాయి.

మేకలమంద:
మందు పేరు చూడకుండా వేసి నేను రెండు మేకల్ని పోగొట్టుకున్నాను. ఆవు దగ్గుకి రాసిన టిల్మికోసిన్ మిగిలితే, దగ్గే కదా అని మేకలకి పొడిచాను. ఆ సూది మేకల ప్రాణం తీస్తుందని నాకు తెలియదు. మనిషికి గుచ్చుకున్నా గుండె మీద దెబ్బ కొడుతుంది, విరుగుడు లేదు. ఆ సీసా దగ్గరుంటే సిరంజి జేబులో పెట్టుకోకండి, పళ్లతో మూత తీయకండి.

టేపు_రైతు:
బరువు సంగతి కూడా చూసుకోండి. నా ఆవు 200 కిలోలు ఉంటుందనుకునేవాణ్ణి. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత 60 అంగుళాలు, భుజం నుంచి పిరుదు ఎముక దాకా 50 అంగుళాలు వచ్చింది. 60×60×50ని 660తో భాగిస్తే 272 కిలోలు! ఇన్నాళ్లూ ప్రతి మందూ పావు వంతు పైగా తక్కువే వేశాను. మళ్లీ మళ్లీ తిరగబెట్టిన పొదుగు వాపుకి ఇదీ ఒక కారణమేమోనని ఇప్పటికీ బాధ.

కొత్తపాడి:
పాలు? పొదుగుకి కాదు, కాలికి వేసిన మందు కదా. పాలు పోయవచ్చా?

పశువైద్యం_18ఏళ్లు:
పోయకూడదు. కండకి వేసింది రక్తంలో కలిసి నాలుగు రొమ్ముల్లోకీ వస్తుంది. ఎన్ని రోజులు ఆపాలో సీసా మీద ఉంటుంది, ఆఖరి సూది నుంచి లెక్క. మోతాదు గానీ, వేసే పద్ధతి గానీ మారిస్తే ఆ లెక్క చెల్లదు, వైద్యుణ్ణే అడగాలి. కాచినా మందు పూర్తిగా పోదు. పెన్సిలిన్ అలర్జీ ఉన్న మనిషి ఆ పాలు తాగితే ప్రాణం మీదికి రావచ్చు. దూడకీ తాపకండి, దాని పేగుల్లో మందుకి లొంగని క్రిములు పెరుగుతాయి.

గేదెలక్క:
ఆ పాలు తోడు కూడా సరిగా పడవు, తోడులో ఉండే మేలు క్రిములే చస్తాయి. మందు నడిచే గొడ్డు కాలికి ఎర్ర గుడ్డ కట్టు. పాలు పితికేది నువ్వు కాకపోయినా తెలుస్తుంది.

కొత్తపాడి:
డాక్టరు గారు వచ్చి చూశారు. దద్దుర్లు లేవు, రక్తంలోకే వెళ్లి ఉంటుందన్నారు. అయినా మందు మార్చి, మొదటిది తన చేత్తోనే వేసి అరగంట కూర్చున్నారు. సీసా, తేదీ, పాలు మళ్లీ పోయగల రోజు కొట్టం గోడ మీద సుద్దతో రాశాను. ఎర్ర గుడ్డ కట్టానక్కా.