క్లోరిన్ నీళ్లు తాగితే పాప కడుపులో మంచి బ్యాక్టీరియా పోతుందా?

పాపాయి అమ్మ:
మా పాపకు 16 నెలలు. రెండు నెలల్లో రెండుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. రెండోసారి యాంటీబయాటిక్ కూడా వాడాల్సి వచ్చింది. అప్పట్నుంచి తాగే నీళ్లలో క్లోరిన్ కలుపుతున్నాను. మా అత్తయ్యగారేమో "క్రిముల్ని చంపేది కడుపులో మంచివాటిని మాత్రం వదులుతుందా?" అంటున్నారు. ఆ మాట విన్నప్పట్నుంచి ఒకటే టెన్షన్. గ్లాసు పాప నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోతున్నాను. మానెయ్యనా?

నీటి ల్యాబ్ ఉద్యోగి:
మానకండి. అత్తయ్యగారి అనుమానం మాత్రం కొట్టిపారేసేది కాదు, పరిశోధకులకూ అదే వచ్చింది. ఢాకాలో జనం నీళ్లు పట్టుకునే చోటే క్లోరిన్ కలిసే ఏర్పాటు చేసి, ఏడాది తర్వాత పిల్లల మలంలోని బ్యాక్టీరియాను పరీక్షించారు. 2022లో ఆ ఫలితాలు వచ్చాయి. క్లోరిన్ నీళ్లు తాగిన పిల్లలకూ తాగని పిల్లలకూ పెద్ద తేడా కనిపించలేదు. అదే ఏర్పాటు వల్ల పిల్లల్లో విరేచనాలు 23 శాతం తగ్గినట్టు 2019లోనే తేలింది. యాంటీబయాటిక్ వాడకమూ తగ్గింది. నాకు ముఖ్యంగా తోచింది ఇదే. పేగుల్లో మంచి బ్యాక్టీరియాను నిజంగా దెబ్బతీసేవి యాంటీబయాటిక్‌లు. నీళ్లు బాగుంటే వాటి అవసరమే తగ్గుతుంది. తాగే నీళ్లలో మిగిలే క్లోరిన్ చాలా తక్కువే ఉంటుంది. లాలాజలం, కడుపులోని ఆహారం తగిలేసరికి అది చాలావరకు ఖర్చయిపోతుంది.

ఇద్దరు పిల్లల నాన్న:
మేము మరిగించే తాగించేవాళ్లం, అయినా చిన్నోడికి విరేచనాలు ఆగలేదు. నీళ్లు కలుషితమైతే నల్లబడే పరీక్ష సీసాలు రెండు తెచ్చాను. కుళాయి నీళ్లు పోసిన సీసా తేటగానే ఉంది. మరిగించి పాత్రలో పోసుకున్న నీళ్ల సీసా మాత్రం మర్నాటికి సిరాలా నల్లబడింది! గ్లాసు ముంచినప్పుడల్లా మా వేళ్లు నీళ్లలో తగులుతున్నాయి, అదీ సంగతి. అడుగున కుళాయి ఉన్న డబ్బా పెట్టాక నిమ్మళించాం.

పాపాయి అమ్మ:
అయ్యో, మేమూ ముంచుకునే తాగుతాం. క్లోరిన్ వేశాక ఎంతసేపు ఆగాలండీ? వాసనకు పాప మొహం తిప్పేసుకుంటోంది.

నీటి ల్యాబ్ ఉద్యోగి:
కనీసం అరగంట. నీళ్లు మడ్డిగా ఉంటే ముందు తేర్చి వడకట్టండి, లేకపోతే క్లోరిన్ ఆ మడ్డికే సరిపోతుంది. మోతాదు సీసా మీద ఉన్నంతే వెయ్యండి. తాగించే ముందు గ్లాసులో పోసి కాసేపు ఉంచితే వాసన తగ్గుతుంది. పాప ఇంకా తల్లిపాలు తాగుతుంటే మాన్పించకండి. ఆ పాలలోని కొన్ని చక్కెరలు పాపకు అరగవు, పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకే ఆహారమవుతాయి.