వడ్డీ లేని కుదువ అప్పు: ఖర్చు ఎవరి మీద వేయాలి?

అందరికీ నమస్కారం. పాతబస్తీలో తోపుడుబండ్ల వాళ్లకు, కుట్టుపని చేసే ఆడవాళ్లకు బంగారం కుదువపై 2,000 నుంచి 20,000 రూపాయల దాకా వడ్డీ లేని అప్పులిచ్చే నిధికి నియమావళి రాస్తున్నాం.

నిధి నడిపే ఖర్చు ఎవరి మీద వేయాలన్న ఈ చిక్కు పాతదే. 1462లో ఇటలీలోని పెరూజాలో పేదల కుదువ నిధి మొదలైంది. విరాళాలు మూలధనానికి సరిపోయినా గుమాస్తా జీతం, కొట్టు అద్దె ఎక్కణ్ణుంచి? అందుకని కొద్దిగా రుసుము తీసుకుంటే, అదీ వడ్డీయేనని గొడవ. ఖర్చుల మేరకు తీసుకోవచ్చని 1515లో కాథలిక్ మతపెద్దల లాటరన్ మహాసభ తేల్చింది. తిరిగి కట్టే పద్ధతికొస్తే, ఐర్లాండులో పేదల అప్పు నిధుల్లో 20 వారాల వాయిదాలు నడిచాయి. 5,000 అప్పుకి మేమూ వారానికి 250 అనుకున్నాం.

తూకం ఒక పట్టాన తెగదు. నల్లపూసల గొలుసులో పూసలు, దారం, రాళ్లు, మైనం బరువు తీసేయాలి. లేదంటే అప్పు తీరని నగను వేలం వేసినప్పుడు నిధికే నష్టం.

రుసుము అందరికీ 100 అంటే 2,000 తీసుకున్నామెకు 5 శాతం, 20,000 తీసుకున్నాయనకు అర శాతం. పేదవాళ్ల మీదే భారం, దానికి మేం ససేమిరా ఒప్పుకోం. శాతం పెడితే వడ్డీలా కనిపిస్తుంది.

కర్జె హసనా (ఇస్లాం పద్ధతిలో వడ్డీ లేని అప్పు) సంఘాల లెక్కలు చూసినవాళ్లు చెప్పండి: ఖర్చును అప్పుల మీద ఎలా పంచుతారు? వేలంలో అప్పు పోను మిగిలిన సొమ్ము తీసుకోడానికి కుదువ పెట్టిన మనిషి రాకపోతే ఎన్నాళ్లు విడిగా ఉంచుతారు?